ఐపీ కెమెరాలకు కొత్త ఫర్మ్‌వేర్ వేయాలా, తేడా వస్తే పాతదానికి వెనక్కి రావచ్చా?

అన్నా, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: మిర్యాలగూడ దగ్గర మీ రైస్ మిల్లులో 2018లో 12 ఐపీ కెమెరాలు, ఒక ఎన్‌వీఆర్ (ఐపీ కెమెరాల రికార్డింగ్ పెట్టె) పెట్టించారు, అప్పటి నుంచి వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు ఫోన్ యాప్‌లో ఫర్మ్‌వేర్‌కు (కెమెరా లోపల దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కొత్త వెర్షన్ ఉంది, అప్‌డేట్ చేయండి అని వస్తోంది. పెట్టిన అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదు. అప్‌డేట్ కొట్టాలా వద్దా, కొట్టాక ఏదైనా తేడా వస్తే పాత వెర్షన్‌కు వెనక్కి రావచ్చా.

నా జవాబు: వేయండి, కానీ యాప్‌లో బటన్ నొక్కి పన్నెండింటికీ ఒకేసారి కాదు. వెనక్కి రావడం మాత్రం కుదరదనే అనుకుని మొదలుపెట్టండి. కుదిరితే మీ అదృష్టం, దాన్ని నమ్ముకుని మాత్రం పని మొదలుపెట్టకూడదు.

నేను నల్గొండలో 2013 నుంచి కెమెరాలు బిగించే పని చేస్తున్నా. మొదట్లో అన్నీ డీవీఆర్‌లు (పాత రకం కెమెరాల రికార్డింగ్ పెట్టెలు), తర్వాత మెల్లగా ఐపీకి మారాం. మిల్లులు, పెట్రోలు బంకులు, ఫంక్షన్ హాళ్లు, బడులు, అన్నిచోట్లా చేశాను. ఫర్మ్‌వేర్ విషయంలో నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం 2019లో జరిగిన ఒక సంగతి, అది చెప్తే మిగతాదంతా మీకే తెలుస్తుంది.

దీపావళి అయిపోయిన కొత్తలో, చిట్యాల వైపు ఒక జిన్నింగ్ మిల్లు. పత్తి సీజన్ అప్పుడే షురూ అయింది, రోజూ లారీలు వస్తున్నాయి. కెమెరాలు నేను ఇచ్చినవి కావు, మిల్లు వాళ్లే హైదరాబాద్‌లో ఒక షాపులో ఒక్కోదాని మీద ఎనిమిది తొమ్మిది వందలు తక్కువకు తెచ్చుకున్నారు, బిగించింది నేను. రాత్రిపూట బొమ్మ సరిగ్గా రావడం లేదని, కొత్త ఫర్మ్‌వేర్ వేస్తే మెరుగవుతుందని నేనే చెప్పాను. కంపెనీ సైట్‌లో అదే మోడల్ నంబర్‌కు ఉన్న ఫైల్ దించుకుని నాలుగు కెమెరాలకు వరసగా వేసేశాను. ఒకటి బాగానే లేచింది. రెండు లేచాయి కానీ మెనూ మొత్తం చైనా అక్షరాలు, ఎన్‌వీఆర్‌లో చూస్తే భాష కలవడం లేదని ఎర్రగా ఒక మాట, బొమ్మ లేదు. నాలుగోది అసలు లేవనే లేదు. దాని అడ్రస్‌కు పింగ్ కొడితే (నెట్‌వర్క్‌లో ఉందా అని తట్టి చూస్తే) ఇరవై సెకన్లు పలుకుతుంది, మళ్లీ పోతుంది, మళ్లీ పలుకుతుంది, రాత్రంతా అదే. ఆ నాలుగోది కాటా దగ్గరి కెమెరా. లారీ నంబరు, కాటా మీద అంకె రెండూ కనపడేది దాంట్లోనే. గుమస్తా వచ్చి "ఏందన్నా ఇది, రేపు పొద్దున బండ్లు వస్తయ్ కదా" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మరుసటి రోజు ఒక లోడు తూకం మీద గొడవ కూడా అయింది, చూపించడానికి రికార్డింగ్ లేదు. మూడు సాయంత్రాలు కూర్చుని ఆ రెండు కెమెరాలను దారికి తెచ్చాను. కాటా దగ్గరిదానికి మాత్రం నా డబ్బులతో కొత్తది కొనిచ్చాను. అది నా తప్పే కాబట్టి.

జరిగింది ఏమిటంటే ఆ కెమెరాలు చైనా లోపలి మార్కెట్ కోసం చేసినవి. ఎవరో దారిలో వాటికి ఇంగ్లీషు మెనూ ఉన్న మార్చిన ఫర్మ్‌వేర్ ఎక్కించి ఇక్కడ అమ్మారు. పెట్టె మీద మోడల్ నంబర్ అదే, లోపల బోర్డు కూడా దాదాపు అదే, కానీ కెమెరా తన ప్రాంతం ఏదో లోపల ఒకచోట రాసి పెట్టుకుంటుంది. అసలైన అంతర్జాతీయ ఫైల్ పడగానే ఆ రెండూ కలవవు. అప్పుడు మెనూ చైనాలోకి పోవచ్చు, లేదా బూట్ అవుతూ ఆగుతూ అక్కడే తిరుగుతుంది.

అందుకే మీరు చేయాల్సిన మొదటి పని నిచ్చెన ఎక్కి కెమెరా కింద స్టిక్కర్ ఫోటో తీసుకోవడం. మోడల్ నంబర్ మొత్తం కావాలి, చివర్లో ఉండే చిన్న అక్షరాలతో సహా. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల బోర్డులు వస్తాయి, ఒకదాని ఫైల్ ఇంకోదానికి పనికిరాదు. తర్వాత సీరియల్ నంబర్ చూడండి. హిక్‌విజన్ కంపెనీది అయితే సీరియల్ మధ్యలో సీసీడబ్ల్యూఆర్ (CCWR) అని ఉంటే బయటి దేశాల కోసం చేసింది, సీసీసీహెచ్ (CCCH) అని ఉంటే చైనా కోసం చేసింది. రెండోదైతే ఇంగ్లీషు మెనూతో ఎంత బాగా నడుస్తున్నా దాని ఫర్మ్‌వేర్ ముట్టుకోకండి. దానికి వేరే దారి ఉంది, కింద చెప్తాను. వేరే కంపెనీ అయితే బిల్లు, వారంటీ కార్డు తీసుకుని సర్వీస్ సెంటర్‌కు సీరియల్ చెప్పండి, ఇది మన దేశానికి అధికారికంగా వచ్చిందో లేదో వాళ్లు చెప్తారు.

ఇక అసలు ఎందుకు వేయాలి అన్నదానికి వస్తా. చాలామంది బొమ్మ క్వాలిటీ పెరుగుతుందని వేస్తారు. అది చాలా తక్కువసార్లు జరుగుతుంది. రాత్రి బొమ్మ బాగాలేదంటే పదింట ఎనిమిదిసార్లు గ్లాసు మీద దుమ్మో, సాలెగూడో, లేకపోతే ఐఆర్ లైటు (చీకట్లో చూడటానికి కెమెరా వేసే, కంటికి కనపడని వెలుగు) పక్క గోడకు తగిలి తిరిగి కెమెరాలోనే పడటమో అయ్యుంటుంది. మీది రైస్ మిల్లు, ఊక, తవుడు దుమ్ము ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి.

నిజంగా వేయాల్సిన కారణం ఒక్కటే, భద్రత. వెర్షన్ చూసే పేజీలో వెర్షన్ పక్కన బిల్డ్ అని ఆరు అంకెలు ఉంటాయి. అది తయారైన తేదీ, ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు. 210628 అంటే 2021 జూన్ 28. ఈ అంకెను ఊరికే చెప్పడం లేదు. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాల్లో ఒక పెద్ద లోపం బయటపడింది, సీవీఈ 2021-36260 అని దాని నంబర్. పాస్‌వర్డ్ తెలియకపోయినా, కెమెరా వెబ్ పేజీ అందుబాటులో ఉంటే చాలు, బయటివాడు కెమెరాను పూర్తిగా తన చేతిలోకి తీసుకోవచ్చు. తీవ్రత పదికి 9.8 అని లెక్కగట్టారు. ఆ లోపం ఉన్న మోడళ్లకు 210628 లేదా ఆ తర్వాతి బిల్డ్‌లో దాన్ని సరిచేశారు. అంతకుముందు 2017లో కూడా పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి పోయే లోపం ఒకటి బయటికొచ్చింది. దాహువా కెమెరాల్లో కూడా 2021లో లాగిన్‌ను దాటేసి లోపలికి వెళ్లే లోపాలు బయటపడ్డాయి. మీవి 2018 కెమెరాలు, మధ్యలో ఎవరూ ముట్టుకోలేదంటున్నారు, అంటే 2021లో వచ్చిన రిపేరు మీదాంట్లో ఉండే వీలే లేదు. మీకు అప్‌డేట్ వేయండి అంటున్నది అందుకే.

మా మిల్లు కెమెరాలను ఎవడు చూస్తాడు అనుకోకండి. వాళ్లు మనల్ని వెతుక్కుంటూ రారు, ప్రోగ్రాములు రాత్రింబవళ్లు అన్ని అడ్రసులనూ తడుతూనే ఉంటాయి. 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. మిరాయ్ అనే ఒక ప్రోగ్రాము ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు లక్షల్లో పట్టుకుని, వాటితో ఆ సైట్ల అడ్రసులు చూపించే డిన్ అనే కంపెనీ మీద దాడి చేసింది. ఆ కెమెరాల యజమానులకు తమ కెమెరా ఆ పనిలో ఉందని తెలియను కూడా తెలియదు.

కాబట్టి ఫర్మ్‌వేర్ సంగతి వచ్చే వారం చూసుకున్నా పర్వాలేదు కానీ ఇది మాత్రం ఇవాళే చేయండి. మీ రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి కెమెరాకు తెరిచిన దారులు) చూడండి. 80, 554, 8000 అని పోర్టు నంబర్లు ఏవైనా రాసి ఉంటే తీసేయండి, యూపీఎన్‌పీ (ఆ దారులను వాటంతట అవే తెరుచుకోనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. ఆ రోజుల్లో ఫోన్‌లో కెమెరా కనపడాలంటే మేమంతా అలా పోర్టులు తెరిచిపెట్టే వాళ్లం, మీకు పెట్టిన అబ్బాయి కూడా అదే చేసి ఉండొచ్చు. ఇప్పటి యాప్‌లకు అది అవసరం లేదు, క్లౌడ్ ద్వారా అవే కలుస్తాయి. చైనా సీరియల్ కెమెరాలకు నేను చెప్తానన్న వేరే దారి కూడా ఇదే. వాటికి ఇంటర్నెట్ దారి పూర్తిగా మూసేసి, ఎన్‌వీఆర్ ఒక్కదానితోనే మాట్లాడేలా పెట్టి, అవి పోయేదాకా అలాగే వాడుకోండి. రౌటర్‌లోకి కూడా పోలేకపోతే నెట్ ఇచ్చిన వాళ్లను పిలిచి పక్కన కూర్చుని తీయించండి.

పాస్‌వర్డ్ ఆ అబ్బాయి దగ్గరే ఉంటే ఏం చేయాలో కూడా చెప్తా. అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా అప్‌డేట్ వేయలేరు. యూట్యూబ్‌లో చూపించే పాస్‌వర్డ్ తీసే సాఫ్ట్‌వేర్లు దించుకోకండి. నెట్‌వర్క్‌లో కెమెరాలను వెతికే కంపెనీ టూల్‌లో, హిక్‌విజన్‌కైతే ఎస్‌ఏడీపీ అంటారు, పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే ఒక ఫైల్ ఇస్తుంది. దాన్ని బిల్లుతో పాటు కంపెనీ సపోర్ట్‌కు పంపితే వాళ్లు తిరిగి ఒక ఫైల్ పంపుతారు, దాంతో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. వాళ్ల ఫైల్ వచ్చేదాకా కెమెరాను రీబూట్ చేయకండి, కొన్నింట్లో ఆ ఫైల్ పనికిరాకుండా పోతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు వేసే పద్ధతి. మిల్లు నడుస్తున్నప్పుడు అస్సలు వద్దు. పెద్ద మోటారు స్టార్ట్ అయినప్పుడు ఆఫీసులో లైట్లు ఒక్క క్షణం మసకబారతాయి చూశారా, ఆ క్షణంలోనే పీవోఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాలకు కరెంటు ఇచ్చే పెట్టె) ఆగి లేచిందంటే ఫర్మ్‌వేర్ సగం రాసి ఆగిపోతుంది, కెమెరా పోతుంది. ఆదివారమో, మిల్లు ఆపి సర్వీసు చేసుకునే రోజో పెట్టుకోండి. స్విచ్, ఎన్‌వీఆర్, రౌటర్, ల్యాప్‌టాప్ నాలుగూ యూపీఎస్ మీద ఉండాలి, ఆ యూపీఎస్ బ్యాటరీ నిజంగా పట్టుకుంటోందో లేదో ఒకసారి మెయిన్ తీసి చూసుకోండి. చాలా మిల్లుల్లో బ్యాటరీ చచ్చి రెండేళ్లయినా ఎవరికీ తెలియదు. వైఫై మీద వేయకండి, ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టే వేయండి.

కెమెరా సెట్టింగుల ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, కానీ దాన్నే నమ్ముకోకండి. వెర్షన్ చాలా తేడా ఉంటే పాత ఫైల్ కొత్తదాంట్లోకి ఎక్కదు. నేనైతే ఫోన్‌తో ప్రతి పేజీ ఫోటో తీసుకుంటాను. ఐపీ అడ్రస్, రిజల్యూషన్, బిట్ రేట్, మోషన్ గీతలు, కెమెరా పేరు, అన్నీ. ఎన్‌వీఆర్‌లో ఏదైనా ముఖ్యమైన రికార్డింగ్ ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి.

ఫైల్ కంపెనీ భారత సైట్ నుంచే దించుకోండి, లేదా సర్వీస్ సెంటర్ నుంచి తెచ్చుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో, డ్రైవ్ లింకుల్లో వచ్చే ఫైళ్లు వద్దు, ఎంత తెలిసినవాడు పంపినా సరే. సాధారణంగా జిప్‌గా వస్తుంది, దాన్ని విప్పి లోపలి ఫైల్ వేయాలి, జిప్ అలాగే వేస్తే తీసుకోదు. పక్కన రిలీజ్ నోట్స్ అని ఒక కాగితం ఉంటుంది, ఎవరూ చదవరు, మీరు చదవండి. కొన్ని కెమెరాలకు పాతదాని నుంచి నేరుగా కొత్తదానికి దూకకూడదు, మధ్యలో ఒక వెర్షన్ వేసి అప్పుడు పైకి పోవాలి అని అందులోనే రాసి ఉంటుంది.

మీ కెమెరాల కేబుళ్లు నేరుగా ఎన్‌వీఆర్ వెనక పోర్టులకే ఉంటే ఒక చిక్కు ఉంది. ఆ పోర్టులకు ఎన్‌వీఆర్ తన లోపల వేరే నెట్‌వర్క్ నడుపుతుంది, మీ ల్యాప్‌టాప్‌కు కెమెరాలు కనపడవు. కంగారు పడకండి. చాలా ఎన్‌వీఆర్‌లలో పెన్‌డ్రైవ్ పెట్టి ఎన్‌వీఆర్ మెనూ నుంచే కెమెరాకు ఫర్మ్‌వేర్ వేయొచ్చు, లేదా దాంట్లో వర్చువల్ హోస్ట్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ నుంచి కెమెరా పేజీ తెరుచుకుంటుంది. ఇంకో మాట, 2018 కెమెరా పేజీ ఇప్పటి క్రోమ్‌లో సరిగ్గా బొమ్మ చూపించకపోవచ్చు, దానికి కావాల్సిన పాత ప్లగిన్ల పద్ధతిని క్రోమ్ 2015లోనే తీసేసింది. ఎడ్జ్ బ్రౌజర్‌లో ఐఈ (పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్ పెట్టుకోండి, లేదా బ్రౌజర్ వదిలేసి కంపెనీ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ నుంచే వేయండి, నేను ఎక్కువగా అదే చేస్తా.

మొదట ఎన్‌వీఆర్ వెర్షన్ చూసుకోండి. ఎన్‌వీఆర్ మరీ పాతదై కెమెరా మాత్రం కొత్తదైతే రెండూ మాట్లాడుకోకుండా సతాయిస్తాయి. తర్వాత అంత అవసరం లేని కెమెరా ఒకటి తీసుకోండి, వెనక గోడవైపుదో, ఖాళీ గోనెసంచుల గది దగ్గరిదో. దానికి వేయండి. మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి శాతం ఒకే అంకె దగ్గర ఆగిపోయినట్టు ఉంటుంది. పది పదిహేను నిమిషాల దాకా కేబుల్ ముట్టుకోకండి. నేను చూసినంతవరకు చచ్చిపోయిన కెమెరాల్లో చాలావరకు ఫైల్ వల్ల కాదు, ఓపిక లేక మధ్యలో కేబుల్ పీకడం వల్లే పోయాయి.

వేశాక ఎన్‌వీఆర్‌లో ఆ కెమెరా రాకపోతే వెంటనే వెనక్కి పోదాం అనుకోకండి. చాలా కొత్త వెర్షన్లలో ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల కెమెరా, ఎన్‌వీఆర్ మాట్లాడుకునే పద్ధతి) మూసేసి వస్తుంది, లోపలికి వెళ్లి ఆన్ చేసి దానికోసం వేరే యూజర్‌ను తయారు చేయాలి. మీ ఎన్‌వీఆర్, కెమెరా వేర్వేరు కంపెనీలవైతే ముందు చూడాల్సింది ఇదే. బొమ్మ రాకపోవడానికి ఇంకో కారణం ఆర్‌టీఎస్‌పీ (కెమెరా నుంచి వీడియో పంపే పద్ధతి) లాగిన్. కొత్తదాంట్లో సాధారణంగా డైజెస్ట్ (పాస్‌వర్డ్‌ను దాచి పంపే రకం) మాత్రమే ఆన్‌లో ఉంటుంది, కొన్ని పాత ఎన్‌వీఆర్‌లకు బేసిక్ (దాచకుండా పంపే రకం) మాత్రమే తెలుసు. ఈ రెండు చూసుకుంటే "అప్‌డేట్ వేస్తే చెడిపోయింది" అనే కేసులు సగానికి పైగా అక్కడికక్కడే తేలిపోతాయి.

టైమ్ తప్పకుండా చూడండి, దీని గురించి నేను అందరికీ గట్టిగా చెప్తాను. అప్‌డేట్ తర్వాత రీసెట్ అయిన కెమెరా టైమ్ సరిగ్గా రెండున్నర గంటలు ముందుందంటే అది బీజింగ్ టైమ్‌లోకి పోయిందని అర్థం. దేవరకొండ రోడ్డులో ఒకచోట ఇలాగే అయింది. బండి దొంగతనమైతే పోలీసులు రాత్రి పదకొండు గంటల రికార్డింగ్ అడిగారు, వీళ్ల కెమెరాలో ఆ బండి తెల్లవారుజామున ఒకటిన్నరకు పోతోంది. అందరం అర్థం కాక గంటసేపు పరేషాన్ అయ్యాం. కోర్టుకు రికార్డింగ్ ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, 2024 జూలై 1కి ముందు ఇది 65బి కింద ఉండేది. టైమ్ తప్పున్న రికార్డింగ్‌కు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడం ఎంత ఇబ్బందో ఆలోచించండి. జీఎంటీ ప్లస్ ఐదున్నర పెట్టి, ఎన్‌వీఆర్ నుంచే అన్ని కెమెరాలూ టైమ్ తీసుకునేలా చేయండి.

ఇక వెనక్కి రావడం. ఇప్పుడు చాలా కంపెనీలు పాత వెర్షన్ వేయబోతే కెమెరాయే తీసుకోకుండా చేశాయి. మనల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు, పాత లోపాన్ని మళ్లీ తెచ్చి దాంట్లోంచి దూరే వాళ్లను ఆపడానికి. ఒప్పుకునే కెమెరా అయినా వెనక్కి వచ్చాక పూర్తిగా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలి, లేకపోతే కొత్త వెర్షన్ రాసుకున్న సెట్టింగులు పాతదానికి అర్థం కాక వింతగా ప్రవర్తిస్తుంది.

పడుకున్న కెమెరాకు టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ కేబుల్ మీద ఫైల్ పంపే పాత పద్ధతి) అని ఒక దారి ఉంది, చిట్యాలలో నేను ఆ రెండు కెమెరాలను దారికి తెచ్చింది దాంతోనే. కెమెరా ఆన్ అయిన మొదటి కొన్ని సెకన్లు బూట్ ప్రోగ్రామ్ ఒక ప్రత్యేకమైన అడ్రస్‌లో ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది, ఉంటే అక్కడి నుంచి ఫైల్ తీసుకుంటుంది. హిక్‌విజన్ పాత మోడళ్లకు కంప్యూటర్ అడ్రస్ 192.0.0.128 అని పెట్టాలి. విండోస్ ఫైర్‌వాల్ ఆపాలి, మధ్యలో చిన్న స్విచ్ ఉండాలి, ఎందుకంటే కేబుల్ నేరుగా పెడితే కెమెరా ఆగి లేచే లోపు ల్యాప్‌టాప్ పోర్టు పడుకుంటుంది, ఆ కొన్ని సెకన్లు దాటిపోతాయి. కొత్త మోడళ్లలో ఈ దారి చాలావాటికి మూసేశారు. వారంటీ ఉంటే ఈ పని మీరు చేయకండి, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

కెమెరా పోతే కొత్తది కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్ష పాసవ్వాలనే నిబంధన అమల్లోకి వచ్చింది, అందులో ఫర్మ్‌వేర్ భద్రత కూడా ఉంది. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామన్న చోట కొనకండి, తర్వాత సరైన ఫైల్ ఇచ్చేవాడు ఎవడూ ఉండడు.

మొదటి కెమెరాకు వేశాక రెండు రాత్రులు ఆగండి. రాత్రి బొమ్మ, మోషన్, రికార్డింగ్ వెనక్కి తిప్పి చూడటం, అన్నీ సరిగ్గా ఉంటే మిగతావి రోజుకు రెండు మూడు చొప్పున వేసుకోండి. కాటా దగ్గరిది అన్నిటికంటే చివర్లో. స్టిక్కర్ ఫోటో, వెర్షన్ పేజీ ఫోటో ఇక్కడే పెట్టండి, సీరియల్‌లో చివరి అంకెలు చెరిపేసి పెట్టండి. ఏ ఫైల్ వేయాలో, మధ్యలో ఇంకో వెర్షన్ కావాలో లేదో చూసి చెప్తాను.